షేక్ జాయెద్ రోడ్డు మీద ఆ రెండు గిటార్లు గుర్తున్నాయా?

గోదారిగట్టు
పోయిన నెల ఇండియా వస్తూ దారిలో అమ్మాయితో కలిసి దుబాయ్‌లో రెండు రోజులు ఆగాను. 2001 నుంచి 2010 దాకా అక్కడే ఉద్యోగం చేశాను, అమ్మాయి పుట్టిందీ అక్కడే. దాని నాలుగో పుట్టినరోజు హార్డ్ రాక్ కేఫ్‌లో చేశాం, ముందు రెండు పెద్ద గిటార్లు ఉండే హోటలు. ఆ చోటు చూపిద్దామని ట్యాక్సీ ఎక్కించి షేక్ జాయెద్ రోడ్డు మీద అటొకసారి, ఇటొకసారి తిరిగాను. దొరకలేదు.

బిల్డింగు కూల్చేశారని నాకు తెలుసు. కానీ తొమ్మిదేళ్ళు రోజూ ఆఫీసుకి వెళ్ళిన దారిలో స్థలం కూడా పోల్చుకోలేనని అనుకోలేదు. డ్రైవరు పెషావర్ కుర్రాడు, ఈమధ్యే వచ్చాట్ట. గిటార్ల బిల్డింగు అంటే నా మొహం చూశాడు. అమ్మాయి "పోనీలే నాన్నా" అంది. ఆ మాటకే నాకు ఎక్కువ బాధేసింది.

అది సరిగ్గా ఎక్కడ ఉండేదో కాస్త చెప్పండి. రాత్రిపూట దీపాలు వెలుగుతుండగా తీసిన ఫొటో ఎవరి దగ్గరైనా ఉందా? నా దగ్గర ఉన్నవన్నీ లోపల కేకు దగ్గర తీసినవే.

మీనాబజార్
ఐదో ఇంటర్‌చేంజ్ దగ్గర, మీడియా సిటీని ఆనుకుని. ఇప్పుడు చుట్టూ అద్దాల మేడలే, మీరు పోల్చుకోలేకపోవడంలో వింతేం లేదు. 1997లో అది తెరిచినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. ట్రేడ్ సెంటర్ దాటాక రోడ్డుకి రెండు పక్కలా ఇసకే. అంత ఇసకలో న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగుని చిన్నగా చేసి నిలబెట్టినట్టు ఒక్క బిల్డింగు, దాని ముందు ఆకాశానికి ఎత్తిన రెండు గిటార్లు. దగ్గర్లో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్బు తప్ప చెప్పుకోడానికి ఇంకేం లేదు. ఇంటర్నెట్ సిటీ 2000లో, మీడియా సిటీ 2001లో. మెరీనా టవర్లు ఆ తర్వాతే లేచాయి. అంటే ఆ గిటార్లే అందరికంటే ముందొచ్చి కూర్చున్నాయి.

నా ఆల్బమ్ వెతుకుతాను. పగటి ఫొటోలైతే ఉండాలి.

లక్ష్మి_అబుదాబి
అయ్యో, ఎంత బాగా గుర్తుచేశారండీ!

మేం అబుదాబిలో పన్నెండేళ్ళున్నాం. నెలకోసారి సరుకులకి, గుడికి బర్‌దుబాయ్ వచ్చేవాళ్ళం. నూట నలభై కిలోమీటర్ల దారి, జెబెల్ అలీ దాకా చూడ్డానికి ఏమీ ఉండేది కాదు. పిల్లలిద్దరూ వెనక సీట్లో కొట్టుకుంటూ "ఇంకెంత దూరం, ఇంకెంత దూరం" అని ప్రాణం తీసేవాళ్ళు. మావారు ఒకటే మాట: "గిటార్లు ముందు ఎవరికి కనిపిస్తే వాళ్ళకి ఐస్‌క్రీమ్." అంతే, ఇద్దరూ కిటికీలకి అతుక్కుపోయేవాళ్ళు. గిటార్లు కనిపించాయంటే దుబాయ్ వచ్చేసినట్టే. బోర్డు చదివే పనే లేదు.

లోపలికి వెళ్ళింది మాత్రం రెండుసార్లే. నేను శాకాహారిని, ఫ్రెంచ్ ఫ్రైస్ తిని కూర్చున్నాను. పిల్లల ఐస్‌క్రీమ్ అక్కడ కాదు, సత్వాలో కొనిపెట్టేవాళ్ళం.

ఉక్కునగరం
ఏమనుకోకండి, నాకు ఇది అర్థం కావడం లేదు. అది ఒక అమెరికన్ గొలుసు హోటలు. ఇప్పటికీ ప్రపంచమంతా ఊరికొకటి ఉంది. గోడకి గిటార్లు తగిలించి, బర్గర్ అమ్మి, బయటికొచ్చేటప్పుడు టీషర్టు అంటగట్టడం వాళ్ళ వ్యాపారం. ఒకటి మూస్తే మనం బాధపడాలా? కరామాలో మన తెలుగు మెస్సులు ఎన్ని మూతపడ్డాయి! నెల డబ్బులు కట్టలేని నెలలో కూడా పిలిచి పప్పన్నం పెట్టిన ఆంటీ మెస్సు మూసినప్పుడు ఇలా ఎవరూ రాయలేదు. ముందు ఏడవాల్సింది వాటి గురించి.

గోదారిగట్టు
@ఉక్కునగరం మెస్సుల గురించి మీరన్నది నూటికి నూరు శాతం నిజం. నేనూ మూడేళ్ళు అలాంటి మెస్సులోనే తిన్నాను. మీరు ఆ ఆంటీ గురించి విడిగా రాయండి, మొదటి జవాబు నాదే.

కానీ దీని సంగతి వేరు. దుబాయ్‌లో మేం ఉన్నప్పుడు ఏదీ పదేళ్ళ పాతది కాదు. అద్దె ఇల్లు కూల్చేసేవారు, రోడ్డు మళ్ళించేసేవారు, సిగ్నల్ ఉన్నచోట ఫ్లైఓవర్ లేచేది. ఇంటికి ఫోన్ చేసి "ఎక్కడుంటున్నావురా?" అంటే చెప్పడానికి చిరునామా ఉండేది కాదు, పోస్టు బాక్సు నంబరు తప్ప. అలాంటి ఊళ్ళో మారకుండా ఉన్న గుర్తు అది ఒక్కటి. బర్గర్ కోసం కాదండీ నేను బాధపడేది.

నిజామాబాద్_ట్యాక్సీ
నేను 1999 నుంచి ఆరేండ్లు ట్యాక్సీ నడిపిన. చిరునామాలు లేవన్నది కరెక్టు ముచ్చట. "గిటార్ కాడ లెఫ్ట్", "గిటార్ దాటినంక మస్జిద్ ఎన్క" గిట్లనే చెప్తుండె ప్యాసింజర్లు. గోరోళ్ళు హార్డ్ రాక్ అందురు, మనోళ్ళు, పాకిస్తానోళ్ళు, బంగ్లాదేశోళ్ళు అందరు గిటార్ అందురు. గురువారం రాత్రి ఆడ లైన్ల నిలవడితె ఖాళీగ వాపస్ అచ్చుడనేది లేకుండె. అప్పుడు శుక్రవారం సెలవు గదా, గురువారం రాత్రే అందరి పండుగ.

రంజాన్ల మాత్రం సప్పుడు లేకుండె. పాటలు బంద్, పగలంత బంద్. ఆ నెల మా గల్లా సగమే.

మీనాబజార్
2006 సెప్టెంబరులో శుక్ర, శనివారాల సెలవుకి మార్చారు. అప్పటి నుంచి గురువారం ఇంకా పెద్ద రాత్రి అయింది. ఇప్పుడు 2022 నుంచి శని, ఆదివారాలు. కొత్తగా వచ్చిన పిల్లలకి గురువారం అంటే ఏమిటో తెలియదు.

అమీర్‌పేట్_టు_డల్లాస్
నాకు ఇది మామూలు హోటల్ కాదు. 2004లో ఇంటర్నెట్ సిటీలో మొదటి ఉద్యోగం. టీమ్‌లో ఎనిమిది మందిమి, ఏడు దేశాలు. ఎవరు ఉద్యోగం మానేసినా పార్టీ అక్కడే. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు ఆ పాటల్లో ఒక్కటీ తెలీదు, గోడల మీద అద్దాల పెట్టెల్లో ఉన్న చొక్కాలు, గిటార్లు ఎవరివో తెలీదు. నా పక్కన కూర్చున్న లెబనాన్ అమ్మాయి ఒక్కోటి చూపించి కథ చెప్పింది. 1979లో లండన్ హార్డ్ రాక్‌లో ఎరిక్ క్లాప్టన్ అనే పెద్ద రాక్ గిటారిస్టు తను కూర్చునే చోట గుర్తుగా ఉంటుందని ఒక గిటార్ ఇచ్చాడట. అది చూసి ఇంకో రాక్ గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ "నాదీ దానికేం తీసిపోదు" అని చీటీ రాసి తన గిటార్ పంపాడట. గోడల మీద వస్తువులు పెట్టడం అలా మొదలైంది. హైదరాబాద్‌లో ఇంటర్ చదివేటప్పుడు ఇంగ్లిష్ పాట వినిపిస్తే టీవీ చానల్ మార్చేవాణ్ణి. ఆ రాత్రి తర్వాత వినడం మొదలుపెట్టాను. ఇప్పటికీ వింటున్నాను.

ఇంకొకటి. రాత్రి ఒక టైము రాగానే వడ్డించేవాళ్ళంతా ట్రేలు పక్కన పెట్టి కౌంటర్ ఎక్కి డాన్స్ చేసేవాళ్ళు. ఫిలిప్పీన్స్ వాళ్ళు, మన గోవావాళ్ళు. పనిచేసేవాళ్ళు అంత సంతోషంగా ఉండటం నేను అంతకు ముందు ఏ హోటల్లో చూడలేదు.

జగిత్యాలోన్ని
అందరి ముచ్చట్లు చదివిన. నేను లోపలికి ఒక్కసారి గూడ పోలే. అయినా రాయాలె అనిపిచ్చింది.

2002ల పోయిన. జీతం 600 దిర్హాములు. తిండికి 150 పోతె మిగిలింది ఇంటికి, ఏజెంటు బాకీకి. క్యాంపు అల్‌కోజ్‌ల, సైటు జెబెల్ అలీ దిక్కు. పొద్దుగాల నాలుగున్నరకు బస్సు. కూసున్నోడు కూసున్నట్టె పండుకుందుం. మెలకువ అచ్చి కిటికీల గిటార్లు కనవడితె ఇంక ఇరవై నిమిషాలు పండుకోవచ్చని అర్థం. మళ్ళ సాయంత్రం వాపస్ అచ్చేటప్పుడు గిటార్లు కనవడ్డయంటె పని అయిపోయినట్టు. దినాం రెండు సార్లు, తొమ్మిదేండ్లు. లెక్క మీరే ఎయ్యుండ్రి.

మాతోని సిరిసిల్ల తమ్ముడు ఒకడుండె. "అన్నా, ఒక్కసారి లోపలికి పోదాం, ఎంతైతది?" అన్నడు. నేను అడిగి తెలుసుకున్న, ఒక్క బర్గర్ నలభై దిర్హాముల మీద. వద్దురా అన్న. తర్వాత 2008 ఆఖర్ల మా కంపెనీ పని బంద్ వెట్టి మూడు నెలల జీతం ఎగవెట్టింది, తమ్ముడు ఉట్టి చేతులతోని ఇంటికి పోయిండు. ఆ నలభై దిర్హాములు పెట్టి తినిపియ్యకపోతిని గదా అని నాకు ఇప్పటికి మనసుల ఉన్నది.

లక్ష్మి_అబుదాబి
అన్నా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అదే రోడ్డు, అవే గిటార్లు. మా పిల్లలకి ఐస్‌క్రీమ్ గుర్తు, మీకు ఇరవై నిమిషాల నిద్ర.

ఉక్కునగరం
@జగిత్యాలోన్ని నేను చెప్పాలనుకున్నది మీరే చెప్పారు అన్నా. అక్కడ మన కూలివాడు అడుగుపెట్టలేకపోయాడు. అందుకే దాన్ని "మన గుర్తు" అంటే నా మనసు ఒప్పుకోదు.

జగిత్యాలోన్ని
తమ్మీ, నువ్వు మా గురించి ఆలోచించి అన్నవు, సంతోషం. కని నేను చెప్పింది అది కాదు. లోపలికి పోకపోతె నాది కాకుంట పోతదా? మా ఊరి గడీ లోపలికి మా తాత ఎన్నడు పోలేదు. అయినా ఊరికి గుర్తు అదే. బిల్డింగు లోపల పైసలు ఉన్నోళ్ళది. బయటికెళ్ళి అది సూసినోళ్ళందరిది. 2013ల కూలగొట్టిన్రని దోస్తు ఫోన్ చేసి చెప్తె నేను పొలం కాడ ఉన్న. కొద్దిసేపు ఒడ్డు మీద కూసున్న.

చిత్రావతి
మాది పుట్టపర్తి దగ్గర. దుబాయ్ ఎప్పుడూ చూడలేదు గానీ, ఈ ముచ్చట్లో నాకూ ఒక మాట ఉంది. అమీర్‌పేట్ అన్న లండన్ కథ చెప్పినాడు కదా, దానికి మిగతా సగం మా ఊర్లో ఉంది.

హార్డ్ రాక్‌ను 1971లో లండన్‌లో మొదలుపెట్టింది ఇద్దరు అమెరికా కుర్రోళ్ళు, ఐజాక్ టిగ్రెట్, పీటర్ మోర్టన్. వాళ్ళలో టిగ్రెట్ సత్యసాయిబాబా భక్తుడు. ప్రతి హార్డ్ రాక్‌లో "లవ్ ఆల్, సర్వ్ ఆల్" అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది, చూసింటారు. అది బాబా మాట. "అందరినీ ప్రేమించు, అందరినీ సేవించు" అని మా ఊర్లో చిన్నపిల్లోళ్ళు కూడా చెప్తారు. టిగ్రెట్ 1988లో తన వాటా అమ్మేసినాడు. ఆ డబ్బులో పెద్ద భాగం పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి ఇచ్చినాడు. 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు గారు దాన్ని ప్రారంభించినారు. అనంతపురం కరువు నేలలో గుండె ఆపరేషన్లు ఉచితంగా చేసే ఆసుపత్రి! డబ్బు కట్టే కౌంటరే లేదు అక్కడ.

మా నాయనకు 1998లో గుండె వాల్వు మార్చినారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇంకా పదహారేండ్లు బతికినాడు, నా పెండ్లి చూసినాడు, నా కొడుకును ఎత్తుకున్నాడు. అందుకని ఎక్కడ హార్డ్ రాక్ పేరు విన్నా నేను చేతులెత్తి మొక్కుతాను.

అమీర్‌పేట్_టు_డల్లాస్
ఆ మాట అక్కడ రోజూ చూశాను. టీషర్టు వీపు మీద కూడా ఉండేది. అది పుట్టపర్తి నుంచి వచ్చిందని ఈ రోజే తెలిసింది. ఒళ్ళు జలదరించింది, నిజంగా.

ఉక్కునగరం
చిత్రావతి గారూ, ఇది నాకూ తెలియదు. గొలుసు హోటలు అని తేలిగ్గా అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా పెద్దమ్మకి కూడా అక్కడే ఆపరేషన్ అయింది. విశాఖ నుంచి రైల్లో తీసుకెళ్ళాం. ఆ డబ్బు ఎక్కడిదని ఎప్పుడూ అడగలేదు.

మెస్సు ఆంటీ గురించి మాత్రం రాస్తాను. గోదారిగట్టు గారూ, మొదటి జవాబు మీదే అన్నారు, మర్చిపోకండి.

మీనాబజార్
ఇక్కడ ఒక విషయం కలపాలి. టిగ్రెట్ వెళ్ళిపోయాక కంపెనీ చాలా చేతులు మారింది. 2007లో ఫ్లోరిడాలోని సెమినోల్ తెగవాళ్ళు కొన్నారు, అక్కడి మూలవాసులు. కాబట్టి దుబాయ్‌లోది మూసేనాటికి ఆ పేరు వాళ్ళది.

ఆల్బమ్‌లో నాలుగు దొరికాయి, అన్నీ పగటివే. పెడుతున్నాను. మూడో దాంట్లో వెనక ఇసక చూడండి.

సత్వా_చాయ్
మూసింది 2010 కదా? నేను ఆ ఏడాది వెళ్ళినట్టు గుర్తు.

నిజామాబాద్_ట్యాక్సీ
కాదు, 2009. మెట్రో షురువైంది 2009 సెప్టెంబరు 9న. నేను సుట్టపుసూపుగ పోయినప్పుడు కొత్త మెట్రో ఎక్కి కిటికీలకెళ్ళి సూసిన. బిల్డింగు ఉన్నది, గిటార్లు ఉన్నయి, దీపాలు లెవ్వు. మూతపడ్డ సినిమా టాకీసు తీర్గ ఉండె. మీరు 2010ల పోయింది ఇంకోటి గావచ్చు.

సత్వా_చాయ్
అవును, తప్పు నాదే. పాస్‌పోర్టులో ముద్రలు చూశాను, నేను వెళ్ళింది 2008 డిసెంబరు.

గోదారిగట్టు
ఖాళీగా నాలుగేళ్ళు అలాగే నిలబడింది. నేను దుబాయ్ వదిలిన రోజు కూడా ఉంది. చివరి రోజుల్లో కూల్చొద్దని ఇంటర్నెట్‌లో ఎంతమంది అడిగారో గుర్తుందా? బ్రిటన్‌వాళ్ళు, అరబ్బులు, మనవాళ్ళు, అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు. కనీసం ముందుభాగమైనా ఉంచమన్నారు. ఉంచలేదు. పాతికేళ్ళు కూడా నిండని బిల్డింగుని పాతదని ఎవరంటారు? కానీ అక్కడ అదే పాతది. ఈ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. అంత పెద్ద ఊరు కట్టినవాళ్ళకి రెండు గిటార్లకి చోటు లేకపోయిందా?

అమీర్‌పేట్_టు_డల్లాస్
2011లో ఫెస్టివల్ సిటీలో కొత్తది తెరిచారు. నీళ్ళ పక్కన, బాగానే ఉంది. 2012లో వెళ్ళాను. తిండి అదే. కానీ అది మాల్‌లో ఉన్న హోటలు, దారిలో కనిపించేది కాదు. కారు పార్కింగులో పెట్టి లిఫ్ట్ ఎక్కి వెళ్ళాలి. నిద్రలేచి కిటికీలోంచి చూసేవాడికి కనపడదు.

హైదరాబాద్‌లో జీవీకే వన్‌లో హార్డ్ రాక్ వచ్చినప్పుడు అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాను. నాన్న గోడలన్నీ తిరిగి చూసి "ఇది మ్యూజియమా, హోటలా?" అన్నారు. దుబాయ్‌లో మొదటిరోజు నేనూ అదే అడిగాను.

లక్ష్మి_అబుదాబి
మా పెద్దవాడికి ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు, టొరంటోలో ఉంటాడు. ఈ చర్చ పంపిస్తే ఫోన్ చేశాడు. "అమ్మా, చెల్లి ఎప్పుడూ ముందు చూసేది కాదు, నేనే చూసి దానికి చెప్పేవాణ్ణి, అది అరిచేది" అన్నాడు. ఇన్నేళ్ళూ ఆ ఐస్‌క్రీమ్ చెల్లే గెలిచిందనుకున్నాను.

గోదారిగట్టు
లక్ష్మిగారూ, ఇది మా అమ్మాయికి చదివి వినిపించాను. తనకి అన్న లేడు, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాన్నా, ఆ పుట్టినరోజు టీషర్టు ఉందా?" అంది. ఉంది. రాజమండ్రిలో అమ్మ బీరువాలో, కలరా ఉండల మధ్య. నాలుగేళ్ళ పిల్లది. దుబాయ్ అన్న అక్షరాలు కొంచెం చెరిగాయి.

మీనాబజార్ గారూ, మూడో ఫొటో చూశాక స్థలం అర్థమైంది. మేం ట్యాక్సీలో దాని ముందు నుంచే రెండుసార్లు వెళ్ళాం. రాత్రి ఫొటో మాత్రం ఇంకా కావాలి.

జగిత్యాలోన్ని
నా దగ్గర ఒకటున్నది. తమ్ముడు 2007ల కెమెరా ఫోన్ కొన్నడు, దాంతోని తీసిండు. పెద్దగ రాలే. బస్సులకెళ్ళి తీసింది, తెల్లారుగట్ల, దీపాలు ఇంక ఆర్పలే. నిన్న సిరిసిల్లకు ఫోన్ చేస్తె వాడే వెతికి పంపిండు. పెడుతున్న సూడుండ్రి.

గోదారిగట్టు
ఇదే! ఇదేనండీ నాకు కావాల్సింది. రెండు గిటార్లూ వెలుగుతున్నాయి. దీన్ని పెద్దగా ప్రింటు తీయించుకోవచ్చా? తమ్ముడి పేరు కింద రాయిస్తాను.

జగిత్యాలోన్ని
తీయించుకోన్రి. వాడికి చెప్పిన, మస్తు సంబురపడ్డడు. ఒకటి వాడికి గూడ పంపుండ్రి.

లక్ష్మి_అబుదాబి
అన్నా, ఫొటోలో ఒక మూల తెల్లగా మసకగా ఉంది, మిగతాదంతా స్పష్టంగా ఉంది. అదేమిటి?

జగిత్యాలోన్ని
జనవరి నెల, అద్దానికి మంచు పట్టింది. తమ్ముడు ఫోన్ వట్టుకున్నడు, నేను చెయ్యితోని తుడిచిన. ఆ మూలకు నా చెయ్యి అందలే.